మనిషి గురించి వెయ్యేళ్లు సాగిన వాదాన్ని సిలబస్‌లోకి రానివ్వండి

యూపీఎస్సీ ఫిలాసఫీ ఆప్షనల్ సిలబస్‌ను ఖరారు చేసే నిపుణులకు, దాన్ని తెలుగులో బోధిస్తున్న తోటి అధ్యాపకులకు,

నమస్కారం.

సివిల్స్ మెయిన్స్‌లో ఫిలాసఫీ ఆప్షనల్‌కి రెండు పేపర్లు, ఒక్కోదానికి 250 మార్కులు. మొదటి పేపర్‌లో పాశ్చాత్య తత్వశాస్త్రం ప్లేటో, అరిస్టాటిల్‌తో మొదలవుతుంది. ఆ వెంటనే వచ్చేది డెకార్ట్, స్పినోజా, లైబ్‌నిట్జ్. అరిస్టాటిల్ చనిపోయింది క్రీ.పూ. 322లో, డెకార్ట్ పుట్టింది క్రీ.శ. 1596లో. మధ్యలో పంతొమ్మిది వందల ఏళ్లకు పైగా ఖాళీ. అందులో కనీసం మధ్యయుగానికైనా చోటు ఇవ్వమని అడగడానికే ఈ లేఖ.

అదే పేపర్ రెండో సగం చూడండి. భారతీయ దర్శనాల్లో వేదాంత శాఖలంటే గుర్తొచ్చేది శంకరుడు, రామానుజుడు, మధ్వుడు, నింబార్కుడు, వల్లభుడు, చైతన్యుడు. యూరప్ వాళ్లు మధ్యయుగం అని పిలిచే కాలంలోనో, దాని చివరి అంచునో బతికినవాళ్లే వీళ్లంతా. మన దగ్గర కూడా ఆ వెయ్యేళ్లూ కొట్టేస్తే సూత్రాలు మిగులుతాయి గానీ భాష్యాలు మిగలవు. శంకర భాష్యం లేకుండా వేదాంతం చెప్పమంటే మనలో ఎవరూ ఒప్పుకోరు. మరి అగస్టీన్, అక్వినాస్ వంటి క్రైస్తవ, ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్ వంటి ముస్లిం ఆలోచనాపరులు లేకుండా పాశ్చాత్య తత్వశాస్త్రం చెప్పడానికి ఎలా ఒప్పుకుంటున్నాం?

మధ్యయుగం సిలబస్‌లో అసలే లేదనడం లేదు. రెండో పేపర్‌లో మతతత్వశాస్త్రం కింద దేవుడి ఉనికికి రుజువులున్నాయి. అక్కడ దేవుడు అనే భావన నుంచే దేవుడి ఉనికిని నిరూపించే ఆన్సెల్మ్ వాదం, అక్వినాస్ చెప్పిన ఐదు మార్గాలు మనం చెబుతూనే ఉన్నాం. నా అభ్యంతరం ఇక్కడే. ఆ ఆలోచనాపరులు దేవుడికి రుజువులు వెతికినవాళ్లుగా మాత్రమే మన విద్యార్థులకు పరిచయం అవుతున్నారు. మనిషి అంటే ఎవరు, అతని మనసు అతనిదేనా, తప్పు ఎక్కడ పుడుతుంది, మనస్సాక్షి మాట ఎంతవరకు వినాలి అనే ప్రశ్నల మీద వాళ్లు పడిన శ్రమ కళ్లకే కనబడటం లేదు. రెండో పేపర్‌లో మీరే పెట్టిన అవినీతి, నేరం-శిక్ష, లింగ వివక్ష, కుల వివక్ష వంటి అంశాలకు నేరుగా పనికొచ్చేవి ఆ ప్రశ్నలే.

అగస్టీన్‌తో మొదలుపెడతాను. క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తెలో, అంటే ఇప్పటి అల్జీరియాలో పుట్టాడు. తన జీవితాన్ని తానే పరీక్షించుకుంటూ రాసిన పుస్తకంలో పదహారేళ్ల వయసు నాటి ఒక చిన్న దొంగతనం గురించి పేజీలకు పేజీలు రాశాడు. స్నేహితులతో కలిసి రాత్రిపూట పక్కవాళ్ల పియర్ చెట్టు దులిపి కాయలన్నీ ఎత్తుకుపోయారు. ఆకలేసి కాదు, ఆ కాయలు రుచిగా ఉండీ కాదు. చాలావరకు పందులకు పారేశారు. చేయకూడదు కాబట్టే చేశాం, అందులోనే మాకు ఆనందం దొరికింది అంటాడు. మంచేదో తెలియకే మనిషి తప్పు చేస్తాడనే సోక్రటీస్ మాటకు ఇంత గట్టి ఎదురుదెబ్బ మరెక్కడా నాకు కనబడలేదు. అదే పుస్తకంలో పాలు తాగే ఒక పసివాడి సంగతీ ఉంది. మాటలు కూడా రాని ఆ బిడ్డ, తనతోపాటు పాలు తాగుతున్న ఇంకో బిడ్డను చూసి అసూయతో పాలిపోయాడట. పసితనం అమాయకం అనిపించేది ఒంట్లో బలం లేకపోవడం వల్లే గానీ మనసులో మంచి ఉండటం వల్ల కాదని అగస్టీన్ తేల్చాడు.

దీనికి ఎదురు నిలిచినవాడు పెలాజియస్. బ్రిటన్ నుంచి రోమ్‌కు వచ్చిన సన్యాసి. చేయగల శక్తి ఇవ్వకుండా దేవుడు ఆజ్ఞ ఇవ్వడు కదా అన్నది అతని వాదన. దెమెత్రియాస్ అనే యువతికి రాసిన లేఖలో, నీతి గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా తాను ముందుగా మనిషి స్వభావానికి ఉన్న బలాన్ని చూపిస్తానని రాశాడు. మంచిగా ఉండటం మనకు కష్టమనిపిస్తోందంటే దానికి కారణం మన స్వభావం కాదు, చిన్నప్పటి నుంచి పేరుకుపోయిన అలవాటు అంటాడు. 418లో కార్తేజ్‌లో జరిగిన సభ పెలాజియస్ బోధను ఖండించింది. అగస్టీన్ గెలిచాడు. కానీ ఆ గెలుపు అతన్ని ఎక్కడికి తీసుకుపోయిందో కూడా విద్యార్థికి చెప్పాలి. బాప్తిస్మం లేకుండా చనిపోయిన శిశువులకు కూడా శిక్ష తప్పదు, అది ఎంత తేలికైనదైనా సరే అనే చోటికి అతని వాదం చేరింది. ఎక్లానుమ్‌కు చెందిన జూలియన్ అనే బిషప్, ఇది న్యాయమేనా అని అగస్టీన్‌ను ఆయన చివరి రోజుల దాకా వదలకుండా నిలదీశాడు. ఈ ఒక్క విషయంలో నేను జూలియన్ పక్షమే.

ఇప్పుడు మీ సిలబస్‌లోని 'అవినీతి' అనే మాట తీసుకోండి. లంచం తీసుకునే ఉద్యోగిలో ఉన్నది మనిషి పుట్టుకతోనే ఉన్న వంకరా, లేక వ్యవస్థ నేర్పిన అలవాటా? మొదటిదైతే నిఘా పెంచాలి, ఎవరినీ నమ్మకూడదు. రెండోదైతే శిక్షణ మార్చాలి, ఆఫీసు వాతావరణం మార్చాలి. మన విద్యార్థులు ఈ ప్రశ్నకు జవాబు రాస్తూ రెండు వైపులా నాలుగేసి పాయింట్లు పెట్టి వచ్చేస్తున్నారు. ఆ రెండు వైపులకూ వెనక ఇంత లోతైన వాదం ఉందని తెలిస్తే జవాబు మారిపోతుంది. మధ్వుడితో పోల్చే అవకాశమూ దొరుకుతుంది. జీవుల్లో ముక్తియోగ్యులు, నిత్యసంసారులు, తమోయోగ్యులు అని స్వభావంలోనే తేడాలున్నాయన్న మధ్వుడు, దేవుడి అనుగ్రహం కొందరికే అన్న అగస్టీన్ ఎక్కడ కలుస్తారు, ఎక్కడ విడిపోతారు? నాకు తెలిసినంతలో ఆప్షనల్‌లో అడగదగ్గ మంచి ప్రశ్నల్లో ఇదొకటి.

డెకార్ట్ గురించి ఒక్క మాట. 'నేను ఆలోచిస్తున్నాను కాబట్టి ఉన్నాను' అన్నది ఆధునిక యుగానికి పునాది అని మనం చెబుతాం. నేను పొరబడుతున్నానంటే నేను ఉన్నట్టే అని అగస్టీన్ పన్నెండు వందల ఏళ్ల ముందే రాశాడు. 1641లో ఆర్నో అనే పండితుడు డెకార్ట్‌కు పంపిన అభ్యంతరాల్లో అగస్టీన్‌తో ఉన్న పోలికను ఎత్తి చూపాడు కూడా. అగస్టీన్‌కీ డెకార్ట్‌కీ మధ్యలో ఇబ్న్ సీనా ఉన్నాడు. బుఖారా దగ్గర పుట్టి 1037లో హమదాన్‌లో కన్నుమూసిన వైద్యుడు. గాల్లో తేలుతూ, కళ్లు మూసి ఉండి, ఒక అవయవం ఇంకో అవయవానికి తగలకుండా, ఒక్కసారిగా సృష్టించబడిన మనిషిని ఊహించుకోండి అంటాడు. అతనికి తన చేతులు ఉన్నాయో లేవో తెలియదు, లోకం ఉందో లేదో తెలియదు, అయినా తాను ఉన్నానన్నది తెలుస్తుంది. ఈ రచన 12వ శతాబ్దంలోనే టొలెడోలో లాటిన్‌లోకి వచ్చింది. ఈ వరుస తెలియని విద్యార్థికి డెకార్ట్ శూన్యంలోంచి ఊడిపడినట్టు కనిపిస్తాడు.

నన్ను ఎక్కువగా కదిలించే వాదం మాత్రం ఇబ్న్ రుష్ద్‌కీ అక్వినాస్‌కీ మధ్య నడిచింది. ఇబ్న్ రుష్ద్ 1126లో కోర్దోబాలో పుట్టాడు, అక్కడా సెవిల్లేలోనూ న్యాయమూర్తిగా పనిచేశాడు, 1195లో ప్రవాసానికి పంపబడ్డాడు, 1198లో మరాకేష్‌లో మరణించాడు. అరిస్టాటిల్ ఆత్మ గురించి రాసిన గ్రంథంలో బుద్ధిని గురించిన భాగం చాలా అస్పష్టంగా ఉంటుంది. దానికి రాసిన పెద్ద వ్యాఖ్యలో ఇబ్న్ రుష్ద్ ఒక సాహసమైన నిర్ణయానికి వచ్చాడు. త్రిభుజం గురించి నాకు తెలిసిందీ మీకు తెలిసిందీ ఒకటే అయినప్పుడు, ఆ జ్ఞానాన్ని గ్రహించే బుద్ధి నాలో ఒకటి, మీలో ఒకటి ఉండదు. మానవజాతి అంతటికీ బుద్ధి ఒక్కటే. మనకు విడివిడిగా ఉన్నవి జ్ఞాపకాలు, ఊహాచిత్రాలు మాత్రమే.

తెలుగు విద్యార్థికి వెంటనే అద్వైతం గుర్తొస్తుంది. పోలిక ఉంది గానీ ఇబ్న్ రుష్ద్ మాట్లాడుతున్నది మోక్షం గురించి కాదు, ప్రపంచం మిథ్య అనీ అనడు. శాస్త్రజ్ఞానం అందరికీ ఒకేలా ఎలా సాధ్యం అన్నదే అతని సమస్య.

పారిస్ విశ్వవిద్యాలయంలో కొందరు యువ అధ్యాపకులు ఈ వాదానికి ఆకర్షితులయ్యారు. 1270లో అక్వినాస్ దీని మీద ఒక చిన్న పుస్తకమే రాశాడు. అందులో అతను పట్టుకున్న సంగతి చాలా మామూలుది. ఈ మనిషి, ఇక్కడున్న ఈ ఒక్క మనిషి, ఆలోచిస్తున్నాడు. ఏ సిద్ధాంతమైనా ముందు దీన్ని వివరించాలి. గోడకు రంగు ఉంటుంది, ఆ రంగును కన్ను చూస్తుంది, అంతమాత్రాన గోడ చూస్తోందని అనం. బుద్ధి ఎక్కడో వేరే ఉండి నాలోని ఊహాచిత్రాలను గ్రహిస్తోందంటే నేను ఆ గోడ లాంటివాణ్ణే అవుతాను, ఆలోచించేవాణ్ణి కాను. బుద్ధి నాది కాకపోతే సంకల్పం నాది కాదు, సంకల్పం నాది కాకపోతే చేసిన పని నాది కాదు, ఇక మెచ్చుకోవడానికీ శిక్షించడానికీ ఆధారమే ఉండదు.

అద్వైతంలో జీవులు వేరువేరు కాదంటే బంధం ఎవరికి, మోక్షం ఎవరికి అని రామానుజుడు, మధ్వుడు అడిగిన చోటుకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఈ రెండు వాదాలనూ పక్కపక్కన పెట్టి చదివితే వచ్చే వెలుగు, ఒక్కొక్కటీ విడిగా చదివితే రాదు. పైగా అక్వినాస్ ఆత్మను మాత్రమే మనిషి అనడు. 'నా ఆత్మ నేను కాదు' అని బైబిల్ వ్యాఖ్యలో స్పష్టంగా రాశాడు. ఒళ్లూ ఆత్మా కలిస్తేనే మనిషి. మధ్యయుగపు క్రైస్తవం అంటే దేహాన్ని తృణీకరించడమే అనుకునేవాళ్లకు ఈ ఒక్క వాక్యం చాలు.

ఇక నేరం-శిక్ష. అబెలార్డ్ 12వ శతాబ్దపు పారిస్‌లో పేరుమోసిన తార్కికుడు. నీతిశాస్త్రం మీద రాసిన పుస్తకంలో ఒక పేద తల్లి ఉదాహరణ ఇస్తాడు. పాలు తాగే బిడ్డకు కప్పడానికి చాలినన్ని బట్టలు లేవు. చలికి తట్టుకోలేడని బిడ్డను తన దగ్గరకు తీసుకుని తన చింకిబట్టలతోనే కప్పి పడుకుంటుంది. నిద్రలో బిడ్డ ఆమె కింద నలిగి చనిపోతాడు. బిషప్ ఆమెకు కఠినమైన ప్రాయశ్చిత్తం విధిస్తాడు. ఆమె పాపం చేసిందని కాదు, మిగతా తల్లులు జాగ్రత్తపడాలని. పాపం ఎక్కడుంది అనే ప్రశ్ననూ, శిక్ష ఎందుకు అనే ప్రశ్ననూ అబెలార్డ్ ఇక్కడ విడదీశాడు. పాపం చేతలో లేదు, ఫలితంలో లేదు, కోరికలో కూడా లేదు. తప్పని తెలిసీ మనసు ఒప్పుకోవడంలో ఉంది. మనుషుల న్యాయస్థానాలు మాత్రం బయటికి కనిపించేదాన్నే చూడగలవు కాబట్టి వేరే లెక్కతో శిక్షిస్తాయి.

ఈ ఉదాహరణ చదివిన ఎవరికైనా ఆ బిషప్ తీర్పు మీద కోపం వస్తుంది. ఆ కోపమే పాఠం.

నేరానికి నేరబుద్ధి ఉండాలనే సూత్రానికి మూలం కూడా ఈ కాలంలోనే ఉంది. మనసు దోషి కాకపోతే నాలుక దోషి కాదని అబద్ధపు ప్రమాణాల గురించి అగస్టీన్ ఒక ప్రసంగంలో అన్న మాట, 12వ శతాబ్దపు ఇంగ్లిష్ న్యాయగ్రంథంలోకి ఎక్కింది. అక్కడి నుంచి ఇంగ్లిష్ చట్టంలోకి, 1860 నాటి భారత శిక్షాస్మృతిలోకి ఆ ఆలోచన ప్రవహించింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో కూడా ఉద్దేశపూర్వకంగా చంపడం వేరు, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోవడం వేరు. రేపు జిల్లాల్లో మేజిస్ట్రేట్ అధికారాలు చేతికి తీసుకోబోయే అభ్యర్థికి ఈ తేడా సెక్షన్ నంబరుగా మాత్రమే తెలిసి ఊరుకుంటే సరిపోతుందా?

మనస్సాక్షి విషయం ఇంకా ముఖ్యం. 2013 నుంచి ఉన్న జనరల్ స్టడీస్ నాలుగో పేపర్‌లో, నైతిక మార్గదర్శనానికి ఆధారాలుగా చట్టాలు, నియమాలతోపాటు మనస్సాక్షిని కూడా మీరే పేర్కొన్నారు. చాలామంది అభ్యర్థులు గాంధీగారి మాట ఒకటి రాసి ముగిస్తారు. అక్వినాస్ ఇక్కడ రెండు ప్రశ్నలు అడుగుతాడు. మనస్సాక్షి పొరబడినా దాని మాట వినాలా? వినాలి, ఎందుకంటే తప్పని నమ్ముతూ చేసే పని ఏదైనా తప్పే. అయితే అలా విన్నంతమాత్రాన దోషం పోతుందా? అన్నిసార్లూ పోదు. తెలుసుకోవాల్సింది తెలుసుకోకుండా నిర్లక్ష్యం చేసి పొరబడితే ఆ పొరపాటుకూ నువ్వే బాధ్యుడివి. ఒక గ్రామంలో గుడిసెలు తొలగించమని ఉత్తర్వు వచ్చిందనుకోండి. నా మనస్సాక్షి ఒప్పుకుంది కాబట్టి తొలగించాను అనే అధికారి, ఆ గుడిసెల్లో ఎవరున్నారో, వాళ్ల దగ్గర పట్టాలున్నాయో లేదో కనుక్కున్నాడా అన్నది అక్వినాస్ వేసే ప్రశ్న. ఇంత నేరుగా ఉద్యోగ బాధ్యతకు పనికొచ్చే సూత్రం ఏడున్నర శతాబ్దాలుగా అందుబాటులో ఉంది.

కులవివక్ష అంశానికి కూడా ఒక మాట చేర్చనివ్వండి. 1550-51లో స్పెయిన్‌లోని వయ్యదోలిద్‌లో ఒక వాదం నడిచింది. తేదీ ప్రకారం అది మధ్యయుగం దాటిన తర్వాతే. కానీ వాడిన ఆయుధాలన్నీ మధ్యయుగపు విశ్వవిద్యాలయాలవే. అమెరికా ఖండాల మూలవాసుల్ని అణచడం న్యాయమేనా అన్నది విషయం. కొందరు పుట్టుకతోనే బానిసలు అన్న అరిస్టాటిల్ మాటను పట్టుకుని సెపుల్వేడా అనే పండితుడు యుద్ధాన్ని సమర్థించాడు. చియాపాస్ బిషప్‌గా పనిచేసిన లాస్ కాసాస్ దాన్ని ఖండించాడు. భూమ్మీద ఉన్న అన్ని జాతులూ మనుషులే, అందరికీ బుద్ధీ స్వేచ్ఛా ఉన్నాయన్నది అతని పక్షం. అంతకుముందే, 1539లో, సలమాంకాలో వితోరియా అనే మతపండితుడు ఇంకో మాట చెప్పాడు. క్రైస్తవులు కాకపోవడం వల్ల ఆ జనానికి తమ నేల మీద హక్కు పోదన్నాడు. న్యాయనిర్ణేతలు స్పష్టమైన తీర్పు ఇవ్వలేదు, దోపిడీ ఆగలేదు. లాస్ కాసాస్ కూడా మచ్చలేనివాడు కాదు. మొదట్లో ఆఫ్రికా నుంచి బానిసల్ని తేవచ్చని సూచించి, తర్వాత దానికి పశ్చాత్తాపపడ్డాడు. ఇదంతా చెప్పాలి. సహజమైన ఎక్కువ తక్కువలు అనే వాదన ఎలా పుడుతుందో, దాన్ని ఏ ఆధారాలతో ఎదుర్కోవచ్చో ఇక్కడ కనిపిస్తుంది. కులం సహజ సామర్థ్యం మీద ఆధారపడిన విభజన కాదని 1936లో అంబేడ్కర్ వాదించిన తీరును దీని పక్కన పెట్టి చదివించవచ్చు.

స్త్రీల విషయంలో మధ్యయుగం మనల్ని సిగ్గుపడేలా చేస్తుంది. అరిస్టాటిల్ జీవశాస్త్రాన్ని అనుసరించి, స్త్రీ పుట్టుకలో ఏదో లోపం ఉందని అక్వినాస్ రాశాడు. అంతకు ముందు శతాబ్దంలోనే ఇబ్న్ రుష్ద్, ప్లేటో మీద వ్యాఖ్యానిస్తూ, స్త్రీలు తత్వవేత్తలూ పాలకులూ కాగలరన్నాడు. తన కాలపు నగరాల్లో వాళ్లను బిడ్డల్ని కనడానికీ పెంచడానికీ పరిమితం చేసి మొక్కల్లా ఉంచారని, ఆ నగరాల పేదరికానికి అదొక కారణమని బాధపడ్డాడు. లింగవివక్ష అంశంలో ఈ ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టండి.

ఇదంతా క్రైస్తవ, ఇస్లాం మతబోధ కదా, సెక్యులర్ పరీక్షలో ఎందుకు అని కొందరు అనవచ్చు. వేదాంతాన్ని మనం మతబోధగా చెప్పడం లేదు, వాదంగా చెబుతున్నాం. ఇదీ అలాగే. అక్వినాస్ ప్రతి ప్రశ్నకూ ముందుగా ఎదుటివాళ్ల అభ్యంతరాలు వరుసగా పెట్టి, తర్వాత తన నిర్ణయం చెప్పి, చివర్లో ఒక్కో అభ్యంతరానికీ జవాబిస్తాడు. పూర్వపక్షం, సిద్ధాంతం అలవాటైన మన విద్యార్థికి ఆధునిక యూరప్ రచనలకంటే ఈ పద్ధతే సులువుగా ఎక్కుతుంది.

రెండో అభ్యంతరం బలమైనది. సిలబస్ ఇప్పటికే బరువు. ఉద్యోగం చేసుకుంటూ, అశోక్‌నగర్ హాస్టళ్లలో అప్పులు చేసి చదువుతున్న పిల్లలకు ఇంకో టెన్షన్ తెచ్చిపెట్టడం నాకూ ఇష్టం లేదు. తెలుగు మీడియంలో రాసేవాళ్లకు పుస్తకాల కొరత మరీ ఎక్కువ. అందుకే ఒక్క అంశమే అడుగుతున్నాను. దాని బదులు హేతువాదుల (డెకార్ట్, స్పినోజా, లైబ్‌నిట్జ్) దగ్గర ద్రవ్యం (సబ్‌స్టెన్స్), దేవుడు అనే భాగాలను కుదించండి. ఆన్సెల్మ్ వాదం ముందే తెలిసిన విద్యార్థికి డెకార్ట్ ఇచ్చే దేవుడి రుజువు సగం చదివినట్టే. సిలబస్‌లోనే తర్వాత వచ్చే హుస్సేర్ల్ అనే తత్వవేత్తను చదవడానికి కూడా ఇది సాయపడుతుంది. చైతన్యం ఎప్పుడూ దేని గురించో అయి ఉంటుందనే సూత్రాన్ని మధ్యయుగ పండితుల నుంచి తీసుకున్నానని హుస్సేర్ల్ గురువు బ్రెంటానో 1874లో తానే రాశాడు.

మొదటి పేపర్‌లో అరిస్టాటిల్‌కీ డెకార్ట్‌కీ మధ్య ఈ వాక్యం చేర్చమని నిపుణులను కోరుతున్నాను: 'మధ్యయుగ తత్వశాస్త్రం (అగస్టీన్, ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్, అక్వినాస్): మానవ స్వభావం, సంకల్పం, బుద్ధి ఒకటా అనేకమా, ఉద్దేశం, మనస్సాక్షి.' రెండో పేపర్‌లో నేరం-శిక్ష కింద అబెలార్డ్‌ను, కులవివక్షకు తోడుగా వయ్యదోలిద్ వాదాన్ని పేర్కొంటే ఇంకా సంతోషం.

తోటి అధ్యాపకులకు చెప్పేది, సిలబస్ మారేదాకా ఆగనక్కర్లేదు. జనరల్ స్టడీస్ నాలుగో పేపర్‌లో ప్రపంచ నైతిక తత్వవేత్తల కృషి అనే అంశం ఇప్పటికే ఉంది, పైన చెప్పినవన్నీ దాని కింద చెప్పవచ్చు. పియర్ కాయల దొంగతనం, గాల్లో తేలే మనిషి, గోడ వాదం, పేద తల్లి, పొరబడిన మనస్సాక్షి. ఈ ఐదింటికీ క్లాసు కోసం నేను తెలుగులో రాసుకున్న నోట్సు ఉంది. అడిగిన ప్రతి ఒక్కరికీ ఇస్తాను, దిద్దితే సంతోషిస్తాను.

ఇట్లు
తత్వశాస్త్రం బోధిస్తున్న ఒక తెలుగు అధ్యాపకుడు